హాఫ్ శారీ ఫంక్షన్‌కి విమానంలోంచి పూలు చల్లుతాడట మా బావమరిది, అదీ వంద అడుగుల ఎత్తులో. ఎలా ఆపాలి?

ఫ్రిస్కో_బావ
మా బావమరిది పోయిన ఏడాది ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. చేసేది సాఫ్ట్‌వేరే, శనివారమొస్తే మాత్రం ఎయిర్‌పోర్టులోనే. జూన్‌లో మా పెద్దమ్మాయి హాఫ్ శారీ ఫంక్షన్ ఉంది. టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కో దాటాక పొలాల మధ్య ఒక ర్యాంచ్ బుక్ చేశాం, మంటపం బయట లాన్‌లోనే. వీడేమో "మేనమామగా నా లాంఛనం నేను చెయ్యాలిగా బావా" అంటూ సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని, అమ్మాయిని మంటపంలో కూర్చోబెట్టే టైముకి పైనుంచి గులాబీ రేకులు చల్లుతాడట. ఎంత ఎత్తులో అనడిగితే "వంద, నూటయాభై అడుగుల్లో ఒక్క రౌండు, అంతే. డ్రోన్ వీడియోలో అదిరిపోద్ది" అన్నాడు. మా ఆవిడకి తమ్ముడంటే ప్రాణం. మా అత్తగారు రేకులకి ఆర్డర్ కూడా ఇచ్చేశారు. నాకొక్కడికే టెన్షన్. అనవసరంగా భయపడుతున్నానా? విమానాల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. నేను చెప్తే "నీకేం తెలుసు బావా" అంటాడు.

మిర్చిబజ్జి
మేనమామ పట్టులంగా తెస్తాడని విన్నాం గానీ విమానం తేవడం ఇదే మొదటిసారి. మా మేనమామ అయితే భోజనాల టైముకొచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయాడు.

కోనసీమ_కుర్రాడు
ముహూర్తం 10:42 అయితే, పంతులుగారు మంత్రం సాగదీస్తే, విమానం పైన ఎన్ని చుట్లు తిరగాలి? ముందు అది తేల్చండి.

సెస్నా_సుబ్బు
నేను టెక్సస్‌లోనే వారాంతాల్లో ఫ్లయింగ్ నేర్పిస్తాను. మీ భయం అనవసరం కాదు. ముందు రూలు సంగతి. ఎఫ్‌ఏఏ, అంటే అమెరికా విమానయాన శాఖ, నిబంధన 91.119 ప్రకారం ఊళ్ల మీద ఎగిరేటప్పుడు, చుట్టూ 2000 అడుగుల పరిధిలో అన్నింటికన్నా ఎత్తయినదానికి 1000 అడుగులు పైన ఉండాలి. ఊరు కాని చోట 500 అడుగులు. జనం బొత్తిగా లేని చోటా, నీళ్ల మీదా ఇంకా కిందకి రావచ్చు గానీ మనిషికి, బండికి, పడవకి, ఇంటికి 500 అడుగుల దగ్గరికి పోకూడదు.
మీవాడు "అది పొలమే కదా, 500 చాలు" అంటాడు చూడండి, కొత్త పైలట్లు చాలామంది అక్కడే బోల్తా పడతారు. అదే రూల్లో ఆరుబయట గుమిగూడిన జనం మీద కూడా 1000 అడుగులే అని ఉంది. మీ లాన్‌లో చుట్టాలంతా కూర్చుంటే అది అక్షరాలా ఆరుబయట గుమిగూడిన జనమే. చుట్టూ పొలమున్నా, ఎడారున్నా తేడా లేదు. వంద అడుగులంటే రూలుకి పదో వంతు.

గాలిమర
అందరూ కలిసి కొత్త పైలట్‌ని భయపెట్టకండి. మా కౌంటీలో పొలాలకి మందు కొట్టే విమానాలు రోజూ పది అడుగుల ఎత్తులో తిరుగుతాయి. వాళ్లకి లేని ప్రమాదం ఇతనికేంటి? ఒక్క రౌండేగా.

సెస్నా_సుబ్బు
@గాలిమర మందు కొట్టే విమానాలు వేరే సర్టిఫికెట్ కింద, పార్ట్ 137 కింద ఎగురుతాయి. పని చేసే పొలం మీద కిందకి దిగడానికి వాళ్లకి అనుమతి ఉంటుంది. వాళ్ల విమానం ఆ పనికే తయారైంది, ముక్కు కిందకి వాలి ముందు చూపు బాగుంటుంది, కాక్‌పిట్ చుట్టూ గట్టి ఫ్రేమ్ ఉంటుంది. పనిలోకి దిగేముందు పొలం చుట్టూ పైనుంచి తిరిగి తీగలెక్కడున్నాయో చూసుకుంటారు. ఇంతా చేసి వాళ్లూ తీగలకి తగిలి చనిపోతున్నారు. వాళ్లకి ప్రమాదం లేదని ఎవరన్నారు?

లైన్‌మన్_వరంగల్
తీగల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. కరెంటు డిపార్ట్‌మెంట్‌ల పనిచేసి రిటైరైన, ఇప్పుడు ఆస్టిన్‌ల కొడుకు దగ్గర ఉంటున్న. హై టెన్షన్ లైన్ల కరెంటు పోయే లావు తీగలు దూరం నుంచి కొంచెమన్నా కనబడతయి. వాటి మీద, టవర్ కొస మీద నుంచి ఇంకో సన్న తీగ పోతది. అది ఎర్త్ వైరు, పిడుగు పడితే దాని మీద పడాలని పెడతరు. లావు తీగలు చూసి "దాటేసిన" అనుకుంటే పైన ఆ సన్నది ఉంటది. ఎండకి, మబ్బుకి కలిసిపోతది, అసలే కనబడది. తీగని వెతకొద్దు, టవర్‌ని వెతకాలె. ఆ టవర్ నెత్తి మీదికెల్లే లైన్ దాటాలె. టవర్ల నడుమ దాటుడు కళ్లు మూసుకుని రోడ్డు దాటినట్టే.

ఫ్రిస్కో_బావ
ర్యాంచ్ పక్కనే పెద్ద లైన్ ఉంది సార్. ఫొటోల్లో అడ్డమొస్తుందని ఫొటోగ్రాఫర్ గొణుగుతుంటే విన్నాను. ఇప్పుడు కడుపులో ఇంకా తిప్పుతోంది.

సెస్నా_సుబ్బు
@లైన్‌మన్_వరంగల్ మేష్టారూ, మేం క్లాసులో చెప్పేది అచ్చం ఇదే. ఇంకోటి కలుపుతాను. అమెరికాలో మామూలుగా 200 అడుగులు మించిన టవర్లకే రంగులు, లైట్లు అడుగుతారు. గాలిమరలు పెట్టేముందు గాలి కొలవడానికి నిలబెట్టే సన్న గొట్టాలు సరిగ్గా ఆ 200కి కాస్త కిందే ఉంటాయి. బూడిద రంగులో ఉంటాయి, చుట్టూ పడిపోకుండా లాగి కట్టే స్టే వైర్లు. ఒక్కరోజులో లేచి నిలబడతాయి, పోయిన నెల చూసిన మ్యాపులో ఉండవు. పెద్ద టీవీ టవర్ల సంగతి వేరే. డాలస్‌కి దక్షిణాన సెడార్ హిల్ దగ్గర 1500 అడుగులు దాటినవి ఉన్నాయి, వాటి స్టే వైర్లు టవర్ నుంచి బాగా దూరం పాకుతాయి.

పప్పుచారు
మీరంతా తగిలే వస్తువుల గురించే మాట్లాడుతున్నారు. ఏమీ తగలకపోయినా పడిపోతారు, అసలు సంగతి అది.
నాకూ లైసెన్స్ ఉంది, 172 లోనే నేర్చుకున్నాను. కింద చూడాల్సినదేదో ఉన్నప్పుడు పైలట్ ఏం చేస్తాడో చెప్తాను. మంటపం ఎడమ కిటికీలో కనబడాలి కాబట్టి ఎడమవైపు వంచుతాడు. బాగా చూడాలని స్పీడు తగ్గిస్తాడు. మంటపం వెనక్కి జారిపోతుంటే మెడ తిప్పి చూస్తూ వంపు పెంచుతాడు, ఎత్తు పోకుండా యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగుతాడు. ఆ టైములో కళ్లు ఎయిర్‌స్పీడ్ మీటరు మీద ఉండవు, అక్క ఎక్కడుందా అని వెతుకుతుంటాయి.
ఇప్పుడు లెక్క చూడండి. 172 లో ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందకి వాల్చే పలకలు) లేకుండా, వంపు లేకుండా తిన్నగా ఎగిరితే సుమారు 48 నాట్ల స్పీడు దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్క ఇక విమానాన్ని మొయ్యలేదు. 45 డిగ్రీలు వంచి ఎత్తు కాపాడితే అదే 57 అవుతుంది. 60 డిగ్రీలైతే 68. విమానం మారలేదు, బరువు మారలేదు, వంపు ఒక్కటే మారింది. దాని పైన వెనక గాలి ఉంటే నేల గబగబా పరుగెత్తినట్టు కనిపిస్తుంది, స్పీడెక్కువైందనుకుని పవర్ ఇంకా తగ్గిస్తారు. రెక్కకి కావలసింది గాలిలో స్పీడు, నేల మీద స్పీడు కాదు. తిరగడం చాలట్లేదని రడ్డర్ (తోక దగ్గరి చుక్కాని) కూడా తొక్కాడా, ఒక రెక్క ముందు స్టాల్ అయి స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కిందకి పోతుంది. ఒక చుట్టు స్పిన్ తిరిగి కోలుకోవడానికి 1000 అడుగుల దాకా పోతాయని మాన్యువల్లోనే రాసుంటుంది. మీవాడి దగ్గర ఉన్నవి వంద.
అలాస్కాలో దీనికి పేరే ఉంది, మూస్ స్టాల్ అంటారు. కింద దుప్పిని చూస్తూ చుట్టూ తిరిగి తిరిగి పడిపోతారు.

మిర్చిబజ్జి
మనకి అత్తగారి స్టాల్.

అనకాపల్లి_బెల్లం
@మిర్చిబజ్జి 😂 అత్తగారు వింటే రేకుల ఆర్డర్ క్యాన్సిల్ చేసి నీ మీద పెద్దరికం చూపిస్తారు

డెన్వర్_దేవి
@పప్పుచారు చెప్పినదానికి ఎండ కలపండి. జూన్‌లో డాలస్‌లో మధ్యాహ్నం 38 డిగ్రీలుంటే, నేల 700 అడుగుల ఎత్తులోనే ఉన్నా విమానానికి మూడున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే. ఇంజన్ బలం తగ్గుతుంది, పైకెక్కడం నిదానమవుతుంది. మా కొలరాడోలో ఇదే పెద్ద గొడవ. లోయలోకి తక్కువ ఎత్తులో దూరతారు, ముందు కొండ లేస్తుంటుంది, విమానం అంత త్వరగా లేవదు, వెనక్కి తిరగడానికి చోటుండదు.
ఎత్తు చూపే మీటరు కూడా సముద్రమట్టం నుంచే చూపిస్తుంది, కింద నేల నుంచి కాదు. చిన్న విమానాల్లో చాలావాటిలో నేల నుంచి కొలిచే పరికరమే ఉండదు. వంద అడుగులని మీవాడు చెప్పేది కంటి అంచనాయే.

గాలిమర
సరే, ఇన్ని లెక్కలు చెప్పారు. పూలు చల్లడానికి విమానం వాడి నిజంగా పడినవాళ్లు ఉన్నారా, లేక ఊహలేనా?

సెస్నా_సుబ్బు
పూలు కాదు గానీ రంగు నీళ్లు. మన టెక్సస్‌లోనే, టర్కీ అనే ఊళ్లో, సెప్టెంబర్ 2019. పుట్టబోయేది అమ్మాయా అబ్బాయా చెప్పే ఫంక్షన్‌కి మందు కొట్టే విమానంలోంచి 350 గ్యాలన్ల గులాబీ రంగు నీళ్లు వదిలారు. తక్కువ ఎత్తు, తక్కువ స్పీడు, వదలగానే స్టాల్, పొలంలో కూలింది. ఒక్క సీటున్న విమానంలో ఇద్దరున్నారు. అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు. 2023 సెప్టెంబర్‌లో మెక్సికోలోని సినలోవాలో ఇలాంటి ఫంక్షనే. జంట మీదుగా పాత పైపర్ పానీ విమానం గులాబీ రంగు వదిలి పైకి లాగింది, రెక్క విరిగిపోయింది. పైలట్ చనిపోయాడు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు.

ఫ్రిస్కో_బావ
చూశాను. ఇప్పుడే వాడికి పంపాను. "అది పాత విమానం బావా" అని రిప్లై.

బేగంపేట_బాబాయ్
వయసు మీద పడింది కాబట్టి పాత సంగతి చెప్తాను. 1980 జూన్ 23, ఢిల్లీ. సంజయ్ గాంధీ పొద్దున్నే సఫ్దర్‌జంగ్ నుంచి పిట్స్ ఎస్-2ఏ తీసుకుని ఎగిరాడు. ఫ్లయింగ్ క్లబ్ విమానం, కొత్తది, విన్యాసాలకి పెట్టింది పేరు. పక్కన కెప్టెన్ సుభాష్ సక్సేనా, అనుభవం ఉన్న మనిషి. ఊరి మీద తక్కువ ఎత్తులో విన్యాసాలు చేస్తూ అదుపు తప్పి పడిపోయారు, ఇద్దరూ పోయారు. "పాత విమానం" అన్నాడుగా మీవాడు, అది కొత్తదే. విన్యాసాలకి అమెరికాలో నేల నుంచి 1500 అడుగుల లోపు వద్దని రూలు ఉన్నది ఇందుకే, తప్పు జరిగితే దిద్దుకోవడానికి కింద చోటుండాలని.

కృష్ణాతీరం
సౌందర్య కూడా ఇలాగే కదా పోయింది. 2004 ఏప్రిల్ 17. బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ప్రచారానికి బయల్దేరింది, సెస్నా 180. ఆ రోజు టీవీ ముందు నుంచి మా ఇంట్లో ఎవరూ లేవలేదు.

పప్పుచారు
@కృష్ణాతీరం అది వేరే అండీ. వాళ్లు కావాలని కిందగా ఎగరలేదు, టేకాఫ్ అయిన కాసేపటికే, ఎత్తు అందుకోకముందే కూలింది. రెండూ కలపొద్దు.

బేగంపేట_బాబాయ్
కలపొద్దు, నిజమే. కానీ ఆ తల్లి సంగతిలో ఒకటి గమనించు నాయనా. నేలకి దగ్గరగా ఉన్నప్పుడు ఏ తేడా వచ్చినా పైలట్‌కి మిగిలేది క్షణాలే. టేకాఫ్‌కి ఆ గండం తప్పదు, ప్రతి విమానం దాన్ని దాటాలి. ఈ కుర్రాడు పనిగట్టుకుని ఆ గండంలోకి దిగుతానంటున్నాడు.

సెస్నా_సుబ్బు
బాబాయ్ గారి మాటకి అంకెలు ఇవి. ఇంజన్ ఆగితే 172 గాలిలో జారుతూ 1000 అడుగుల ఎత్తుకి ఒకటిన్నర నాటికల్ మైళ్లు పోతుంది. వంద అడుగుల నుంచి అయితే సుమారు 900 అడుగుల దూరం, ఎనిమిది తొమ్మిది సెకన్లు. ఇంజన్ ఆగిందని నమ్మడానికే మొదటి మూడు నాలుగు సెకన్లు పోతాయి. ముందున్నది మంటపమైతే మంటపమే. 91.119 లో మొదటి వాక్యమే ఇది: ఎక్కడ ఎగిరినా, ఇంజన్ ఆగితే కింద వాళ్లకి హాని లేకుండా దిగగలిగే ఎత్తులో ఉండాలి.

స్టార్టప్_శేఖర్
సిర్రస్ తీసుకోమనండి, దానికి విమానం మొత్తాన్ని దింపే పారాచూట్ ఉంటుంది. సమస్య ఖతం.

డెన్వర్_దేవి
@స్టార్టప్_శేఖర్ అది తెరుచుకోవడానికి కూడా ఎత్తు కావాలి. తిన్నగా ఎగురుతున్నప్పుడే మోడల్‌ని బట్టి 400 నుంచి 600 అడుగులు తినేస్తుంది. వంద అడుగుల్లో లాగితే విమానానికి కప్పే దుప్పటి అవుతుంది.

జెర్సీ_జటాయువు
నేను కాస్త అడ్డం మాట్లాడతాను. కిందగా ఎగరడమే పాపం అన్నట్టు ఉంది ఇక్కడ. నేను హడ్సన్ నది మీద ఎగురుతుంటాను. పైన పెద్ద ఎయిర్‌పోర్టుల ట్రాఫిక్ కాబట్టి చిన్న విమానాలకి నది మీద 1300 అడుగుల లోపు దారి ఇచ్చారు. ఎడమకీ కుడికీ బిల్డింగులు, కింద నీళ్లు. కానీ అక్కడ ప్రతిదానికీ ఒక పద్ధతి. ఉత్తరానికి పోయేవాళ్లు మన్‌హట్టన్ ఒడ్డున, దక్షిణానికి వచ్చేవాళ్లు జెర్సీ ఒడ్డున. స్పీడు 140 నాట్లు దాటకూడదు, లైట్లు వెయ్యాలి. జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి, ఇంట్రెపిడ్ ఓడ, లిబర్టీ విగ్రహం, ఇలా ఒక్కో గుర్తు దగ్గర రేడియోలో "ఫలానా విమానం, ఇంత ఎత్తు" అని చెప్పుకుంటూ పోవాలి.
ఆ పద్ధతులు తప్పనిసరి అయింది 2009 తర్వాత. ఆ ఆగస్టు 8న ఒక పైపర్ విమానం, టూరిస్టు హెలికాప్టర్ నది మీద గుద్దుకుని తొమ్మిది మంది పోయారు. అంతకుముందు 2006 అక్టోబర్‌లో బేస్‌బాల్ ఆటగాడు కోరీ లైడిల్, ఒక ఇన్‌స్ట్రక్టర్ కలిసి పక్కనున్న ఈస్ట్ రివర్ మీద సిర్రస్‌లో వెళ్లి, వెనక్కి తిరగబోయి అపార్ట్‌మెంట్‌కి గుద్దేశారు. తూర్పు గాలి బిల్డింగుల వైపు తోస్తోంది, ఉన్న వెడల్పు మొత్తం వాడుకోకుండా తిరిగారు.
నా పాయింటు ఏంటంటే ఎత్తు ఒక్కటే కాదు. ప్లాన్ చేసుకుని, తప్పుకునే దారి పెట్టుకుని, ముందుకి చూస్తూ కిందగా ఎగరడం వేరు. కింద చుట్టాలకి చెయ్యి ఊపడానికి ఎగరడం వేరు. రెండోదాంట్లో పైలట్ ఎగరడం మానేసి ఫంక్షన్ చూస్తుంటాడు.

గాలిమర
@జెర్సీ_జటాయువు ఇది ఒప్పుకుంటాను. అయినా కారులో ఎయిర్‌పోర్టుకి పోవడమే ఎక్కువ ప్రమాదం అంటారుగా.

సెస్నా_సుబ్బు
అది ఎయిర్‌లైన్లకి. చిన్న ప్రైవేట్ విమానాలకి ఆ మాట చెల్లదు. అమెరికాలో వీటికి లక్ష గంటలకి ఒకటి చొప్పున ప్రాణం తీసే ప్రమాదం జరుగుతుంది. పోల్చాలంటే మోటార్ సైకిల్‌తో పోల్చండి.

పిఠాపురం_పిల్ల
ఎవరూ అడగలేదు గానీ, డ్రోన్ వాడు కూడా అదే టైముకి మంటపం పైనే ఉంటాడుగా? డ్రోన్లకి 400 అడుగుల దాకా పర్మిషన్. విమానం వంద అడుగుల్లో వస్తే రెండూ ఒకే చోట.

ఫ్రిస్కో_బావ
అమ్మో. ఇది నాకు తట్టనే లేదు.

పప్పుచారు
@పిఠాపురం_పిల్ల థ్రెడ్ మొత్తంలో అసలైన పాయింటు ఇదే. దానికి రాబందులు కలపండి. టెక్సస్‌లో ఎండ ఎక్కాక సరిగ్గా ఆ ఎత్తుల్లోనే చక్కర్లు కొడుతుంటాయి.

కోనసీమ_కుర్రాడు
1000 అడుగుల నుంచే చల్లమనండి, రూలూ ఉంటుంది, ముచ్చటా తీరుతుంది.

డెన్వర్_దేవి
వస్తువులు జారవిడవడం నేరమేం కాదు, కింద మనుషులకి, ఆస్తికి దెబ్బ తగలకుండా జాగ్రత్త పడితే చాలు. కానీ గులాబీ రేకు 300 మీటర్లు దిగడానికి మూడు నిమిషాలైనా పడుతుంది నా అంచనాలో. పది నాట్ల గాలుంటే కిలోమీటరు అవతల పక్క ర్యాంచ్‌లో ఆవుల మీద పడతాయి.

మిర్చిబజ్జి
ఆవులకి పుష్పాభిషేకం. పుణ్యమే వస్తుంది.

డెన్వర్_దేవి
కిటికీ తెరిచి బుట్ట వంచితే సగం రేకులు మళ్లీ లోపలికే వస్తాయి. పైలట్ మొహాన గులాబీలు, ఎత్తు తక్కువ, చేతిలో బుట్ట. ఊహించుకోండి.

నల్గొండ_నర్సి
"ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తున్న" అంటే రూలు వర్తించదు కదా? టేకాఫ్, ల్యాండింగ్‌లకు మినహాయింపు ఉన్నదంటరు.

సెస్నా_సుబ్బు
దిగడానికి అవసరమైతేనే మినహాయింపు. లాన్‌లో రన్‌వే లేదు, షామియానా ఉంది. ఎఫ్‌ఏఏ వాళ్లు ఇలాంటి కబుర్లు చాలా విన్నారు. పైగా ఈ రోజుల్లో విమానం ఎక్కడ ఎంత ఎత్తులో తిరిగిందో ఏడీఎస్-బీ (విమానం తానెక్కడుందో రేడియోలో తనంతట చెప్పే పరికరం) రికార్డులో ఉంటుంది. ఫంక్షన్‌కి వచ్చిన వాళ్లందరి ఫోన్లలో సాక్ష్యం. లైసెన్స్ సస్పెండ్ అవుతుంది, అద్దెకిచ్చిన క్లబ్ ఇంకెప్పుడూ విమానమివ్వదు, ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయొచ్చు. ప్రాణభయం పని చెయ్యకపోతే ఇది చెప్పండి, ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లకి ఇదే ఎక్కువ తగులుతుంది.

ఫ్రిస్కో_బావ
అప్‌డేట్. థ్రెడ్ లింకు పంపితే మొత్తం చదివాడు. పప్పుచారు గారి స్టాల్ లెక్క దగ్గర ఆగిపోయి, తన ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేశాడు. ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు, కాసేపు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. రేకులు ఇప్పుడు మామూలుగా పేరంటాళ్లే చల్లుతారు. వాడు మాత్రం ఫంక్షన్ ముందు రోజు అమ్మాయినీ, వాళ్ల అమ్మమ్మనీ, మా ఆవిడనీ ఎక్కించుకుని 2500 అడుగుల్లో ఊరు చూపిస్తాడట. అది పర్లేదా?

సెస్నా_సుబ్బు
చాలా మంచిది. పొద్దున్నే, ఎండెక్కకముందు వెళ్లమనండి. ఒక్కటే, 172 కి నాలుగు సీట్లున్నాయి గానీ ట్యాంకు నిండా పెట్రోలు పోసి నలుగురు పెద్దవాళ్లని ఎక్కిస్తే చాలాసార్లు బరువు దాటిపోతుంది. ప్రతి ఒక్కరి అసలు బరువు అడిగి లెక్క కట్టి, దాన్నిబట్టి పెట్రోలు తగ్గించుకోవాలి. మొహమాటానికి తగ్గించి చెప్పిన బరువు పనికిరాదు.

అనకాపల్లి_బెల్లం
అత్తగారి అసలు బరువు అడగాలన్నమాట. వంద అడుగుల్లో ఎగరడమే తేలికేమో.

ఫ్రిస్కో_బావ
ఆ డిపార్ట్‌మెంట్ కొడుకుది. నేను కింద కార్లో కూర్చుంటాను.